జిడ్డు

పెరంబూరు లోకో స్టేషన్ మెట్ల కింద
నా బజ్జీల బండి.
సాయంత్రం నాలుక్కి పొయ్యెక్కిన మూకుడు
తొమ్మిదిన్నరకి దిగుతుంది.
అడుగున మిగిలే నూనె
రంగుకి కాఫీ, వాసనకి మిరపకాయ.
పదకొండేళ్ళుగా దాన్ని
కాలవలో పారబోస్తానే ఉన్నా.

ఆడి నెలలో ఒకరోజు హైమ బడినించొచ్చి
సంచీ దించకుండానే చెప్పింది,
పక్కపిల్ల బెంచీ మారిందంట.
నీ జడలో బజ్జీ వాసన, అందంట.
చెప్పి, అన్నం తిని, పడుకుంది.
ఏడ్చినా బాగుండేది.

పసుపు సబ్బు, గంధం సబ్బు,
అట్టమీద సినిమా తార నవ్వే సబ్బు,
అన్నీ కొన్నాను.
పొద్దున రుద్దితే రాత్రికి మళ్ళీ అదే.
పెళ్ళైన కొత్తలో మా ఆయన నన్ను
జిడ్డు అనేవాడు, ఓ పట్టాన వదలనని.
వదిలింది ఆయనే. ఆ సంగతి ఇప్పుడెందుకులే.

మేడమీద శెణ్బగం టీచరు,
ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పిన మనిషి,
"ఆ నూనెతోనే సబ్బు చెయ్యి" అంది.
నవ్వొచ్చింది నాకు.
మరకని మరకతో ఉతుకుతారా ఎవరన్నా?

కిలో నూనెకి నూటముప్పై గ్రాముల సోడా,
అటూ ఇటూ కాకూడదంది.
ఉల్లిగడ్డల తక్కెట్లో అంత లెక్క తేలదు.
కేవల్‌చంద్ సేటు కొట్టుకి పోయాను,
నా కమ్మలు తూచిన త్రాసు దగ్గరికి.
సేటు పొట్లం విప్పి చూశాడు,
నా మొహం చూశాడు,
"దీనిమీద అప్పివ్వను" అన్నాడు.
తూచి మాత్రం ఇచ్చాడు.

అల్యూమినియం వద్దు, సోడా తినేస్తుంది.
సోడాని నీళ్ళలో పొయ్యి,
నీళ్ళని సోడాలో పొయ్యకు, తిరగబడుతుంది.
టీచరు మెట్లమీద కూచుని చెప్తా ఉంది,
ముక్కుకి కొంగు కట్టుకుని నేను పోస్తా ఉన్నా.
అగ్గిపుల్ల గియ్యలేదు,
గ్యాసు తిప్పలేదు,
బకెట్టు చెయ్యి పెట్టలేనంత కాలింది.
మంట ముందరే బతుకు గడిపినదాన్ని,
మంట లేని కాకని అప్పుడే చూశాను.

బట్టలో మూడుసార్లు వడకట్టిన నూనెలోకి
చల్లారాక పోసి తిప్పాను.
తిప్పాను.
భుజం పడిపోయింది.
"చాలా టీచర్?"
"గరిటెత్తి చూడు, పైన గీత నిలవాలి."
దోసెపిండి కన్నా పలచన, ఇంకా పలచన...
ఉన్నట్టుండి నిలిచింది,
తడి వాకిట్లో ముగ్గులాగా.

అచ్చులెక్కడివి?
పాల పాకెట్లు కోసి పోశాను,
హైమ పాత జామెట్రీ డబ్బాలో కూడా.
బాలింతని చూసినట్టు చూసుకో,
నలభై రోజులు అంది టీచరు.
సోఫా కింద పెట్టి
పొద్దున్నే క్యాలెండరు కాయితం చించేదాన్ని.

పదోరోజు ఆగలేక
నాలిక కొస తాకించాను.
కరెంటు కొట్టింది.
ముప్పయ్యోరోజు చురుక్కుమంది.
నలభైరెండో రోజు
ఏమీ అనలేదు. వట్టి సబ్బు.

చూడ్డానికి బెల్లం అచ్చు,
మూలలు విరిగిపోయి.
ముందు మూకుడే తోమాను.
మా బోరు నీళ్ళు ఉప్పన,
నురగ పిసినారిగా వచ్చింది.
అయినా పదకొండేళ్ళ మసిలో
రూపాయి బిళ్ళంత చోట
ఇనుము కనపడింది.
ఆ చోట్లో నా బొట్టు కనపడింది.

వాసన?
అబద్ధమెందుకు.
ముక్కుకానించి పీలిస్తే
ఎక్కడో అడుగున, సన్నగా, మిరపకాయ.
హైమకి చెప్పలేదు. ఇవ్వలేదు.
పద్నాలుగు ముక్కలు లెక్కపెట్టి
సోఫా కిందే తోశాను.

బుధవారం ఊడుస్తా లెక్కపెడితే
పదమూడున్నాయి.
జామెట్రీ డబ్బాలోది లేదు.
అడగలేదు నేను.
దండెం మీద దాని తువ్వాలు
తడిగా ఉంది,
వెళ్ళి ముక్కుకానించుకున్నా.

రాత్రి బండి కట్టేసి
నూనె వంచబోయి
కాలవ దగ్గర ఆగాను.
డబ్బా మూత వెతుక్కుంటా
ఇంటికి తెచ్చాను.